ఆలోచన దగ్గర్నుంచి అచ్చు దాకా: జర్నల్ పేపర్ రాయడంలో నా అనుభవం

పేపర్ మొదలుపెట్టే ముందు నేనొక పరీక్ష పెట్టుకుంటాను. ఈ పని వల్ల ఇదివరకు తెలియనిది ఏం తెలిసింది? దానికి ముప్ఫై మాటల లోపు, ఒక్క వాక్యంలో జవాబు రాయాలి. "నేల తేమను కొలిచే సెన్సర్లపై అధ్యయనం చేశాం" అంటే చెల్లదు. అది మనం ఏం చేశామో చెప్పింది గానీ ఏం తేలిందో చెప్పలేదు. "తేమ ఒక హద్దు దాటితే ఈ రకం సెన్సర్ ప్రతిసారీ తక్కువ చూపిస్తుంది, కారణం నేలలోని ఉప్పు" అంటే అది జవాబు. ఇలాంటి వాక్యం కుదరకపోతే చేతిలో ఉన్నది పని మాత్రమే, పేపర్ కాదు. రెండు వాక్యాలు కావాల్సొస్తే బహుశా రెండు పేపర్లు ఉన్నాయని.

వాక్యం కుదిరాక, అది నిజంగా కొత్తదేనా అని చూడాలి. నా ప్రశ్నకు అతి దగ్గరగా ఉన్న అయిదారు పేపర్లు తీసి ఒక పట్టిక గీస్తాను: ఏం అడిగారు, ఏ డేటాతో, ఏం తేల్చారు, ఏం మిగిల్చారు. వెతకడం రెండు వైపులా సాగాలి. వాళ్ల రిఫరెన్సుల మీదుగా వెనక్కి, గూగుల్ స్కాలర్‌లో ఆ పేపర్‌ను ఉదహరించినవాళ్ల మీదుగా ముందుకి. చాలామంది వెనక్కి మాత్రమే వెళ్తారు, అందుకే కిందటేడు వచ్చిన పేపర్ రివ్యూయర్ (జర్నల్ తరఫున మన పేపర్ని పరిశీలించే నిపుణుడు) చెప్తే తప్ప కనబడదు. పట్టికలో చివరి గడి నిండా "ఇది ఎవరూ చెయ్యలేదు" అనే ఉంటే జాగ్రత్త పడాలి. అవసరం లేక చెయ్యనివీ ఉంటాయి. ఆ ఖాళీ వల్ల ఏ నిర్ణయం ఆగిందో, ఏ వివాదం తేలకుండా ఉందో చెప్పగలిగితేనే అది పూరించాల్సిన ఖాళీ.

కొన్ని పనులు డేటా సేకరణకు ముందే జరగాలి, తర్వాత సరిదిద్దే వీలే ఉండదు. మనుషుల మీద అధ్యయనమైతే ఎథిక్స్ కమిటీ అనుమతి వెనక తేదీతో రాదు. క్లినికల్ ట్రయల్ (చికిత్సను మనుషుల మీద పరీక్షించే అధ్యయనం) అయితే మొదటి వ్యక్తిని చేర్చుకునే ముందే రిజిస్టర్ చెయ్యాలి, లేకపోతే పేరున్న వైద్య జర్నళ్లు తీసుకోవు. రిపోర్టింగ్ చెక్‌లిస్టులు (పేపర్లో ఏమేం చెప్పాలో చెప్పే జాబితాలు) కూడా ఈ దశలోనే చదవాలి. ట్రయల్స్‌కి కన్సార్ట్, ఏ చికిత్సా ఇవ్వకుండా గమనించే పరిశీలనాత్మక అధ్యయనాలకి 22 అంశాల స్ట్రోబ్, ఒక ప్రశ్న మీద వచ్చిన పేపర్లన్నీ పద్ధతిగా వెతికి క్రోడీకరించే సిస్టమాటిక్ రివ్యూలకి 27 అంశాల ప్రిస్మా 2020, అన్నీ ఈక్వేటర్ నెట్‌వర్క్ సైట్‌లో దొరుకుతాయి. సబ్మిట్ చేసే రాత్రి వాటిని నింపడానికి కూర్చుంటే, ఎంతమందిని అడిగాం, ఎంతమంది కాదన్నారు అన్న లెక్క ఎక్కడా రాసి ఉండదు.

ఆథర్ల సంగతి కూడా మొదటి వారంలోనే, ఈమెయిల్లో, రాతపూర్వకంగా తేల్చుకోవాలి. వైద్య జర్నళ్ల ఎడిటర్ల కమిటీ, అంటే ఐసీఎంజేఈ, పెట్టిన నాలుగు షరతులు ఇతర రంగాల్లోనూ పనికొస్తాయి: పని రూపకల్పనలోగానీ డేటాలోగానీ విశ్లేషణలోగానీ గట్టి పాలు ఉండాలి, రాయడమో లోతుగా దిద్దడమో చెయ్యాలి, తుది ప్రతికి ఒప్పుకోవాలి, రేపు ప్రశ్న వస్తే జవాబుదారీ కావాలి. నాలుగూ కలిసి ఉండాలి. నిధులు తేవడం, ల్యాబ్‌కి పెద్దగా ఉండడం మాత్రమే చాలవు, వాళ్లకి కృతజ్ఞతల్లో చోటుంది. చాలా జర్నళ్లు ఎవరు ఏం చేశారో క్రెడిట్ అనే వర్గీకరణ పద్ధతిలో, 14 పాత్రల కింద, అడుగుతాయి. ఆ జాబితా ముందు పెట్టుకుని మాట్లాడితే గొడవ సగం తగ్గుతుంది. ఏఐ టూల్స్‌ని ఆథర్‌గా పెట్టకూడదు. వాడితే దేనికి వాడారో జర్నల్ అడిగిన చోట చెప్పాలి.

రాత మొదలుపెట్టేది ఫిగర్లతో. తేలినవన్నీ ప్రింట్ తీసి బల్ల మీద పరుస్తాను. ఒక్కోదాని కింద అది నిరూపించే మాట ఒకటి రాస్తాను. ఏ మాటా రాయలేని ఫిగర్ సప్లిమెంట్‌కి, అంటే పేపర్‌తో పాటు విడిగా పెట్టే అనుబంధానికి, పోతుంది. మామూలు పేపర్‌కి ఫిగర్లు, టేబుళ్లు కలిపి అయిదు నుంచి ఏడు చాలు. ఈ మాటలు మాత్రమే వరసగా చదివితే కథ అర్థం కావాలి. అర్థం కాకపోతే వరస మార్చాలి, అంతే తప్ప గద్యంతో అతుకులు వెయ్యకూడదు.

తర్వాత మెథడ్స్, రిజల్ట్స్, డిస్కషన్, ఇంట్రడక్షన్, చివర్న అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం), టైటిల్. అచ్చులో కనబడే వరస ఇది కాదు. ఇంట్రడక్షన్‌తో మొదలుపెడితే వారాల తరబడి ఆ రంగం చరిత్ర రాస్తూ కూర్చుంటాం, ఫలితాలు చూశాక అందులో చాలా భాగం కొట్టెయ్యాల్సి వస్తుంది. మెథడ్స్ రాసేటప్పుడు పరికరం మోడల్, సాఫ్ట్‌వేర్ వెర్షన్, తీసేసిన శాంపిళ్లు ఎన్ని, ఎందుకు, ఇవన్నీ రాయాలి. రిజల్ట్స్‌లో పీ వాల్యూ (అసలు తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకంటే పెద్ద తేడా కనబడే అవకాశం) ఒక్కటే ఇస్తే చాలదు. తేడా ఎంత, దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు తేడా ఉండొచ్చనుకునే హద్దులు) ఎంత, రెండూ ఉండాలి. పీ మామూలుగా వాడే 0.05 హద్దు దాటినంత మాత్రాన "తేడా లేదు" అని రాస్తే గణాంకాలు తెలిసిన రివ్యూయర్ అక్కడే పెన్ను తీస్తాడు. తేడా ఉందని చూపలేకపోవడం వేరు, లేదని తేల్చడం వేరు.

డిస్కషన్ ఎక్కువ చెడిపోయేది రిజల్ట్స్‌ని మళ్లీ చెప్పడం వల్ల. మొదటి పేరాలోనే, మొదట రాసుకున్న ఆ ఒక్క వాక్యాన్ని చెప్పెయ్యాలి. పరిమితుల పేరా కూడా మొక్కుబడిగా రాస్తారు: శాంపిల్ చిన్నది, ఒకే చోట చేశాం. రివ్యూయర్‌కి కావాల్సింది ఆ లోపం ఫలితాన్ని ఎటు వంచుతుందన్నది. "జవాబివ్వనివాళ్లు ఎక్కువగా పనిభారం ఉన్నవాళ్లు, కాబట్టి మా అంచనా అసలు కంటే తక్కువే అయ్యుండొచ్చు" అంటే ఆ ప్రశ్న మళ్లీ రాదు.

అబ్‌స్ట్రాక్ట్ చాలా చోట్ల 150 నుంచి 250 మాటలు. ఇక్కడ దొర్లే తప్పు ఒకటే: విశ్లేషణ మళ్లీ నడిపాక టేబుల్ మారుతుంది, అబ్‌స్ట్రాక్ట్‌లో పాత అంకె మిగిలిపోతుంది. చివరి రోజున ప్రింట్ తీసి ప్రతి అంకెనీ టేబుల్‌తో పోల్చి పెన్నుతో టిక్ పెట్టడం తప్ప నాకు వేరే దారి దొరకలేదు.

జర్నల్ ఎంపికకి మన రిఫరెన్స్ లిస్టే మంచి దారి చూపిస్తుంది. అందులో ఏ జర్నల్ పేరు ఎక్కువసార్లు వచ్చిందో ఆ జర్నల్ పాఠకులే మన పాఠకులు. గత రెండేళ్ల సంచికలు తిరగేసి మన పద్ధతి లాంటిది వేశారా లేదా చూడాలి. మాటల పరిమితి, ప్రచురణ రుసుము ముందే చూసుకోవాలి. ఒకేసారి ఒక జర్నల్‌కే పంపాలి, రెండింటికి పంపితే అది నైతిక ఉల్లంఘన. మూడు రోజుల్లో అంగీకారం ఇస్తాం, డబ్బు కట్టండి అన్న ఈమెయిల్‌కి జవాబే ఇవ్వకండి. ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగే) జర్నల్ అయితే, అలాంటి జర్నళ్ల ఇండెక్స్ అయిన డీఓఏజేలో ఉందా అని చూడాలి. అసలు జర్నల్ పేరుతోనే నకిలీ సైట్ పెట్టేవాళ్లూ ఉన్నారు, కాబట్టి మెయిల్లో వచ్చిన లింక్ నొక్కకుండా ఇండెక్స్ నుంచి సైట్‌కి వెళ్లడం మేలు.

కవర్ లెటర్ ఒక పేజీ దాటనివ్వను: ఏం తేలింది, ఈ జర్నల్ పాఠకులకి ఎందుకు, మరెక్కడా పరిశీలనలో లేదన్న హామీ. "మా ఈ మహత్తర కృషి" లాంటి మాటలు ఎడిటర్‌ని నవ్వించడానికే పనికొస్తాయి. డబుల్ బ్లైండ్ రివ్యూ (ఆథర్లకీ రివ్యూయర్లకీ ఒకరి పేరు ఒకరికి తెలియని పద్ధతి) అయితే పేరు టైటిల్ పేజీ నుంచి తీస్తే సరిపోదు. ఫైల్ ప్రాపర్టీస్‌లో, కృతజ్ఞతల్లో, "మా గత పేపర్‌లో చూపినట్టు" అన్న వాక్యంలో దొరికిపోతాం. ఫొటోలు అచ్చు సైజులో 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలకి) తగ్గకూడదు. గ్రాఫులు వెక్టర్ ఫార్మాట్‌లో (ఎంత పెద్దది చేసినా చెదరని రూపంలో) ఉంటే బాధే లేదు. ఒక కాలమ్ వెడల్పు సుమారు 85 నుంచి 90 మిల్లీమీటర్లు. స్క్రీన్ మీద పెద్దగా గీసి తర్వాత కుదిస్తే అక్షరాలు చీమల్లా అవుతాయి. మొదటే ఆ కొలతలో గీసి అక్షరాలు 7, 8 పాయింట్లు ఉంచుకోవాలి.

సిమిలారిటీ శాతం (మన పేపర్ ఇతర రాతలతో ఎంత కలుస్తోందో సాఫ్ట్‌వేర్ చూపే అంకె) గురించి అనవసరపు భయం ఎక్కువ. 20 శాతం అక్కడక్కడా చెదిరి ఉంటే ఎడిటర్ పట్టించుకోకపోవచ్చు. ఒకే మూలం నుంచి ఒక పేరా యథాతథంగా వస్తే మొత్తం శాతం ఎంత తక్కువైనా ఆగుతుంది. మన పాత పేపర్ మెథడ్స్‌ని ఎత్తి పెట్టినా కొన్ని జర్నళ్లు ఆపుతాయి.

పంపాక కొద్ది రోజుల్లో తిరిగొస్తే అది డెస్క్ రిజెక్ట్, అంటే రివ్యూయర్లకి పంపకుండా ఎడిటరే తిరస్కరించడం. సాధారణంగా స్కోప్ కుదరకపోవడమో, కొత్తదనం కవర్ లెటర్‌లోనూ అబ్‌స్ట్రాక్ట్‌లోనూ కనబడకపోవడమో కారణం. రివ్యూకి వెళ్తే నెలలు పడుతుంది. మూడు నెలలు దాటాక మర్యాదగా రెండు వాక్యాల్లో అడగొచ్చు.

"మేజర్ రివిజన్" (పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపండి) అని వస్తే అది శుభవార్తే. మొదటిసారి చదివినప్పుడు మాత్రం అలా అనిపించదు. అందుకే ఒకసారి చదివి రెండు రోజులు మూసిపెడతాను. తర్వాత ప్రతి వ్యాఖ్యనీ కాపీ చేసి నంబర్ వేస్తాను. ఒక పొడుగు పేరాలో మూడు ప్రశ్నలుంటే మూడు నంబర్లు. ఒక్కోదాని కింద జవాబు, మార్చిన వాక్యం యథాతథంగా, పేజీ, లైన్ నంబర్. రివ్యూయర్ మళ్లీ పేపర్ మొత్తం వెతుక్కునే పని పెట్టకూడదు. వెతకాల్సొస్తే కొత్త తప్పులు కనబడతాయి.

రివ్యూయర్ అపార్థం చేసుకున్నాడనుకోండి. "ఇది 6వ పేజీలో ఉంది" అని రాయబుద్ధవుతుంది. రాయకూడదు. శ్రద్ధగా చదివిన మనిషికే అందలేదంటే వాక్యంలోనే లోపం, దాన్ని తిరగరాసి మార్చిన రూపం చూపించాలి. ఒప్పుకోలేని సూచన ఉంటే కారణం డేటాతో చెప్పాలి: "అడిగిన విశ్లేషణ చేశాం, సప్లిమెంట్‌లో చేర్చాం. కానీ ఒక్కో గ్రూపులో తొమ్మిది మందే ఉన్నందున ప్రధాన ఫలితంగా చూపలేదు." ఇద్దరు రివ్యూయర్లు ఒకదానికొకటి విరుద్ధంగా అడిగితే మనం ఎంచుకున్నది, కారణం ఎడిటర్‌కి లేఖ మొదట్లోనే చెప్పాలి. సంబంధం లేని అయిదారు పేపర్లని ఉదహరించమంటే, పనికొచ్చినవి చేర్చి మిగతావి ఎందుకు చేర్చలేదో మర్యాదగా రాస్తే చాలు. గడువు సరిపోకపోతే అది ముగిసే ముందే అడగాలి, చాలా ఎడిటర్లు ఇస్తారు.

రిజెక్ట్ అయిన పేపర్‌ని ఆ రాత్రే ఇంకో జర్నల్‌కి పంపాలన్న ఆవేశం ఆపుకోవాలి. చిన్న రంగాల్లో అదే రివ్యూయర్ చేతికి మళ్లీ పడుతుంది, పాత తప్పులు అలాగే ఉంటే ఆయన జవాబు కూడా పాతదే. అప్పీల్ చెయ్యాల్సింది నిర్ణయానికి ఆధారమైన విషయంలో తప్పుందని చూపగలిగినప్పుడే.

అంగీకారం వచ్చాక ప్రూఫ్‌లకి (అచ్చుకి ముందు సరిచూసే ప్రతులకి) తరచూ 48 గంటలే ఇస్తారు. నేను వరసగా చదవను, వరసగా చదివితే కన్ను మోసం చేస్తుంది. పేర్ల స్పెల్లింగ్, సంస్థల వరస, సమీకరణాల్లో మైనస్ గుర్తులు, గ్రీకు అక్షరాలు, టేబుళ్ల కాలమ్‌లు జరిగాయా, యూనిట్లు: ఒక్కోదానికి ఒక్కో సారి తిరగేస్తాను. మైక్రోగ్రామ్ మిల్లీగ్రామ్ అయ్యేది ఇక్కడే. అచ్చయ్యాక దొరికిన తప్పుకి విడిగా కరెక్షన్ నోటీసు వెయ్యాలి, అది పేపర్‌తో పాటే ఎప్పటికీ ఉంటుంది. జర్నల్ అంగీకరించిన ప్రతిని మన సంస్థ రిపాజిటరీలో (ఆన్‌లైన్ భాండాగారంలో) ఎన్ని నెలల తర్వాత పెట్టొచ్చో కాపీరైట్ ఫారంలో చూసి ఆ తేదీ క్యాలెండర్‌లో వేసుకోవాలి.

డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు లింక్) వచ్చిన వారంలో ఆ లింక్ తెరిచి పేరు, ఓర్కిడ్ నంబర్ (పరిశోధకుడి గుర్తింపు సంఖ్య) సరిగ్గా పడ్డాయో చూస్తాను. డేటా, కోడ్, ప్రతి ఫిగర్‌నీ మళ్లీ గీసే స్క్రిప్ట్ ఒకే ఫోల్డర్‌లో, వెర్షన్ నంబర్‌తో దాస్తాను. రెండేళ్ల తర్వాత ఎవరో మూడో ఫిగర్‌లో ఆ చుక్క ఎక్కణ్నుంచి వచ్చిందని ఈమెయిల్ పెడతారు.