ఆఖరి నలభై పేజీలు

నవల ఇంకో నలభై పేజీలు ఉందనగా మూసేసి బ్యాగులో పెట్టేశాను. మిగతాది పాంపేయి వెళ్ళాకే చదవాలని పంతం. మిలాన్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి ఈ మాట వీడియో కాల్లో విని, "అందరూ గైడ్ బుక్ తెచ్చుకుంటారు, నువ్వు నవల తెస్తున్నావా నాన్నా" అని నవ్వింది. పుస్తకం ఇచ్చింది తనే.

మా ఆవిడది ఇంకో గొడవ. "కొండ పేలుతుందని అట్ట మీద బొమ్మ చూస్తేనే తెలిసిపోతోంది. ఇంక సస్పెన్స్ ఏముందండీ అందులో?"

ఆమె అన్నదీ నిజమే. క్రీ.శ. 79లో ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం పేలింది, పక్కనున్న పాంపేయి ఊరు బూడిద కింద పడిపోయింది. ఇది స్కూలు పిల్లలకి కూడా తెలిసిన కథ. అయినా నేను రెండు రాత్రులు నిద్ర మానుకుని చదివానంటే కారణం కొండ కాదు, కాలవ. రాబర్ట్ హారిస్ 2003లో రాసిన 'పాంపేయి' నవలలో హీరో రాజకుమారుడూ కాదు, కత్తిసాము వీరుడూ కాదు. అటిలియస్ అనే నీళ్ళ ఇంజినీరు. సెరినో ఊటల దగ్గర మొదలై, కొండల చుట్టూ తిరిగి, దాదాపు 96 కిలోమీటర్లు నడిచి మిసేనం రేవుకి చేరే ఆక్వా అగస్టా అనే కాలవని చూసుకోవడం అతని పని. కొండ పేలడానికి రెండు రోజుల ముందు కథ మొదలవుతుంది. నీళ్ళు ఆగిపోతాయి. ఎక్కడో గండి పడిందని అతను కాలవ వెంట పైకి వెతుక్కుంటూ బయల్దేరతాడు.

మా నాన్న గోదావరి కాలవ మీద లస్కరు. చిన్నప్పుడు అర్ధరాత్రి శివారు రైతులు వచ్చి తలుపు కొట్టేవారు, మా వంతు నీళ్ళు రాలేదండీ అంటూ. నాన్న టార్చిలైటు హ్యాండిల్‌కి కట్టుకుని సైకిలు మీద గట్టు వెంట పోయేవాడు. ఎప్పుడూ ఎగువకే. "నీళ్ళు రాని చోట వెతికితే ఏం దొరుకుతుందిరా, వచ్చే చోట వెతకాలి" అనేవాడు. రెండువేల ఏళ్ళ కిందటి రోమన్ మనిషి అదే పని చేస్తుంటే పుస్తకం పక్కన పెట్టబుద్ధి కాలేదు.

నేపుల్స్‌లో దిగిన రోజు బాగానే గడిచింది. మర్నాడు పొద్దున్నే గారిబాల్డి స్టేషన్లో నేను ఘనకార్యం చేశాను. సొరెంటో వెళ్ళే రైలెక్కి 'విల్లా దెయ్ మిస్తేరి' స్టేషన్లో దిగితే ఎదురుగానే శిథిలాల గేటు. నేను పాంపేయి అన్న పేరు కనబడగానే ఇద్దరినీ తొందరపెట్టి వేరే లైను బండి ఎక్కించాను. అది తీసుకెళ్ళి ఇప్పటి ఊళ్ళో, చర్చి దగ్గర దింపింది. మా అమ్మాయి ఏమీ అనలేదు. ఫోన్ తీసి దారి చూసి ముందు నడిచింది. ఏమీ అనకపోవడమే ఎక్కువ బాధ.

కానీ దానివల్ల మేలే జరిగింది. అందరూ మరీనా గేటు నుంచి వస్తారు. మేం ఆంఫిథియేటర్ వైపు గేటు నుంచి వెళ్ళాం. ఆ వేళప్పుడు అక్కడ జనం లేరు, పైన్ చెట్ల నీడ, పిట్టల చప్పుడు. ఆ చెట్లని చూడగానే, ఆ పేలుడుని కళ్ళారా చూసిన రోమన్ కుర్రాడు చిన్న ప్లినీ గుర్తొచ్చాడు. పేలుడు మొదలైనప్పుడు మేఘం గొడుగులాంటి పైన్ చెట్టు ఆకారంలో లేచిందని ఉత్తరంలో రాశాడు ఆ కుర్రాడు. పొడవాటి బోదె, పైన విప్పారిన కొమ్మలు. పుస్తకంలో చదివినప్పుడు క్రిస్మస్ చెట్టులాంటిది ఊహించుకున్నా. ఇక్కడ చూస్తేగానీ తెలియలేదు, అది నిజంగా గొడుగే.

'పారిపోయినవాళ్ళ తోట' అక్కడికి దగ్గరే. అద్దం వెనక పదమూడు మంది. శరీరాలు కరిగిపోయాక బూడిదలో మిగిలిన బోలులో ప్లాస్టర్ పోసి తీసిన అచ్చులివి. ఈ పద్ధతి 1863లో తవ్వకాలు చేయించిన ఫియొరెల్లి మొదలుపెట్టాడు. ఒకతను మోచేతి మీద లేవబోతూ ఆగిపోయాడు. మా ఆవిడ ఒక్కసారి చూసి వెనక్కి తిరిగింది. "ఫోటోలు వద్దండీ" అంది. తీయలేదు. పక్కన ఎవరో ఇంగ్లీషులో ఇది తల్లి, ఇది బిడ్డ అని వాళ్ళ పిల్లలకి చెబుతున్నారు. మా అమ్మాయి నెమ్మదిగా అంది: ఇదే ఊళ్ళో ఇంకో ఇంట్లో, బంగారు కంకణంతో, ఒళ్ళో పిల్లాడితో దొరికిన అచ్చుని అందరూ తల్లీబిడ్డలనే అనుకున్నారట. 2024లో డీఎన్‌ఏ చూస్తే ఆ 'తల్లి' మగవాడని, ఆ బిడ్డకి చుట్టం కూడా కాదని తేలింది. నవలాకారుడైనా నయం, కథ అని చెప్పి మరీ చెబుతాడు.

అక్కణ్ణుంచి అబ్బొందాంజా వీధి. ఊరి మధ్యలోంచి ఫోరం అనే పెద్ద కూడలి దాకా పోయే పెద్ద బజారు. నల్లటి బండరాళ్ళ మీద బండి చక్రాల గాడి, జానెడు లోతు కూడా ఉంది కొన్ని చోట్ల. వీధి దాటడానికి మధ్యలో ఎత్తు రాళ్ళు. వాటి సందుల్లోంచి చక్రాలు పోవాలి. కుళాయిల నీళ్ళు పొర్లి రోడ్డంతా పారేదన్నమాట, అందుకే ఈ రాళ్ళ ఏర్పాటు.

నేను మాత్రం తల దించుకునే నడుస్తున్నాను, సీసం పైపుల కోసం. ఒకచోట ఫుట్‌పాత్ అంచున కనిపించాయి కూడా. వీధి మూలల్లో ఇటుక స్తంభాలు. పైన సీసం తొట్టె ఉండేదట. ఊరు ఏటవాలుగా ఉంది కాబట్టి నీళ్ళు ఒత్తిడితో దిగి పైపులు పగలకుండా మధ్య మధ్య ఆపి వదిలే ఏర్పాటు. మన కాలవల మీద డ్రాపు కట్టి నీటి ఉరవడి తగ్గిస్తారే, అదే తెలివి. స్తంభం పక్కన పైపు దిగిన గాడి చుట్టూ తెల్లగా, గరుగ్గా పొర కట్టి ఉంది. బోరు నీళ్ళు పట్టిన బిందె అడుగున కట్టే ఉప్పు లాంటిదే. గోరుతో గీకబోయి, తప్పని మానుకున్నా.

కుళాయి తొట్టె దగ్గర చాలాసేపు ఆగాం. నాలుగు రాతి పలకలు, మూలల్లో ఇనప బద్దీలు, వెనక నిలువు రాయి మీద చెక్కిన ముఖం, దాని నోట్లోంచి నీళ్ళు. ఇప్పటికీ కొన్నిటికి ట్యాపులు బిగించారు, తాగే నీళ్ళే. మా అమ్మాయి సీసా పడుతోంది. తొట్టె అంచు మీద, నిలువు రాయికి పక్కగా, రాయి అరిగి గుంట పడి ఉంది. ఎందుకో మొదట అర్థం కాలేదు. మా ఆవిడ వంగి నోటితో తాగబోతూ, జారకుండా చెయ్యి అక్కడ ఆనించింది. అరచెయ్యి సరిగ్గా గుంటలో కూర్చుంది. ఆమె తలెత్తి నా వంక చూసింది. ఎన్ని వేల చేతులు ఆనితే రాయి అలా అరుగుతుంది! పదమూడు మంది శవాల అచ్చుల దగ్గర కూడా రాని దుఃఖం ఆ గుంట దగ్గర వచ్చింది నాకు.

అదే వీధికి దగ్గర్లోనే ఒక ఇల్లు ఉంది, పేరు 'భారతీయ బొమ్మ ఇల్లు'. 1938లో అక్కడ దొరికిన జానెడు దంతపు బొమ్మని ముందురోజే నేపుల్స్ మ్యూజియంలో చూశాం. ఒంటినిండా నగలు, అటూ ఇటూ చిన్న చెలికత్తెలు. 'పాంపేయి లక్ష్మి' అని పేరు పడింది గానీ, యక్షిణి అంటున్నారు ఇప్పటి పండితులు. మహారాష్ట్రలోని భోకర్దన్‌లో ఇలాంటి బొమ్మే దొరికింది, అంటే శాతవాహనుల నాటి మన దక్కను సరుకు. ఆ మ్యూజియం వాళ్ళు దాన్ని శృంగార చిత్రాల గదిలో పెట్టారు. "లక్ష్మీదేవిని ఈ గదిలో పెట్టడమేంటండీ!" అని మా ఆవిడకి ఇప్పటికీ ఆ కోపం దిగలేదు.

నవల్లో పెద్ద ప్లినీ కూడా ఒక పాత్రే. మిసేనంలో నౌకాదళానికి అధిపతి, ముప్ఫై ఏడు భాగాల ప్రకృతి చరిత్ర రాసినవాడు. మన మిరియాలూ మస్లిన్లూ కొనడానికి ఏటా 5 కోట్ల సెస్టెర్సులు (రోమన్ నాణేలు) ఇండియాకి పోతున్నాయని ఏడ్చింది ఈయనే. ఆయన లెక్కలో ఈ దంతపు బొమ్మ ఏ పద్దు కింద పోయిందో! పేలుడు చూసి, ఓడలు తీయించి జనాన్ని కాపాడబోయి స్టేబియే ఒడ్డున చచ్చిపోయాడు. మేనల్లుడు చిన్న ప్లినీ మాత్రం ఇంటి దగ్గరే ఉన్నాడు. పదిహేడేళ్ళవాడు. భూమి ఊగుతుంటే పెరట్లో కూర్చుని లివీ చరిత్ర చదువుకుంటూ నోట్సు రాసుకున్నాడట. స్పెయిన్ నుంచి వచ్చిన మామయ్య స్నేహితుడొకడు చూసి తిట్టాడట కూడా. ఈ సంగతి అతనే పెద్దయ్యాక చరిత్రకారుడు టాసిటస్‌కి రాశాడు.

మధ్యాహ్నం ఎండలో మా అమ్మాయి ఒక పుల్ల పెట్టింది. నవల్లో కథంతా ఆగస్టు ఎండలో, నీటి కరువులో నడుస్తుంది. ప్లినీ ఉత్తరంలో ఉన్న ఆగస్టు 24 ప్రకారం. అయితే 2018లో ఒక ఇంటి గోడ మీద బొగ్గుతో రాసిన రాత దొరికింది, అందులో తేదీ అక్టోబరు 17. అంటే పేలింది అక్టోబరులో కావచ్చు. "మరి నీ నవల తప్పే కదా నాన్నా?" నేను ఒప్పుకోలేదు. పుస్తకం వచ్చాక పదిహేనేళ్ళకి దొరికిన బొగ్గు రాతకి రచయితేం చేస్తాడు? పైగా పేలుడు నాటికి వీధుల పక్కన గుంతలు తవ్వి నీటి పైపులు బాగుచేస్తున్నట్టు నిజంగానే ఆనవాళ్ళున్నాయి. 62 నాటి భూకంపం దెబ్బ నుంచి ఊరు తేరుకోనే లేదు. నీళ్ళ సంగతిలో కథ నేల విడిచి పోలేదు.

ఫోరం, స్నానశాలలు, ఎనభై ఒక్క మాడిన రొట్టెలు దొరికిన బేకరీ, ఇవన్నీ అందరూ రాసేవే. నా గురి మాత్రం వెసూవియస్ గేటు. ఊళ్ళోకెల్లా ఎత్తైన చోటు. అక్కడ ఇటుకల కట్టడం ఒకటి, ముందు గోడకి మూడు కమానులు, అడుగున మూడు కన్నాలు. ఆక్వా అగస్టా నీళ్ళు ఊళ్ళోకి వచ్చి మూడు పాయలుగా విడిపోయే చోటు ఇదే. వీధి కుళాయిలకి ఒకటి, స్నానశాలలకి ఒకటి, డబ్బున్న ఇళ్ళకి ఒకటి అని రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రాసిన పద్ధతి. మా నాన్న వాడుక మాటలో అయితే 'మూడు తూముల లాకు'. వెనకాలే కొండ, నీలంగా, శాంతంగా, రెండు శిఖరాలతో.

నేను ఫోటో తీసుకుంటుంటే మా అమ్మాయి వంగి కన్నంలోకి చూసింది.

"ఇందులో మనిషి పడతాడంటావా నాన్నా?"

"ఎందుకు పడాలి?" అన్నాను.

తను నాలుక కరుచుకుంది. "ఏం లేదు, ఊరికే."

ఊరికే ఏమీ కాదు. పుస్తకం తను చదివేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ నలభై పేజీలు ఇక్కడి మెట్ల మీద కూర్చుని చదువుదామని పదిహేను రోజులుగా దాచుకున్నాను. ఆ తర్వాత మెట్లు దొరికినా చదవబుద్ధి కాలేదు.

సాయంత్రం ఈసారి సరైన స్టేషన్లోనే ఎక్కాం. బండి కిటకిటలాడుతోంది. ఆడవాళ్ళిద్దరికీ సీట్లు దొరికాయి, నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. కిటికీలోంచి కొండ కుడివైపుకి జరిగింది. ఒంటి చేత్తో బ్యాగులోంచి పుస్తకం తీసి, మడత పెట్టిన పేజీ విప్పాను. రాళ్ళ వాన మొదలైంది. అటిలియస్ అందరూ పారిపోతున్న వైపు కాకుండా ఊళ్ళోకి పరిగెడుతున్నాడు. ఎక్కడ దిగాలో మా అమ్మాయి చూసుకుంటుందిలే అనుకున్నా.

ఎర్కొలానో దాటింది. మా ఆవిడ తల కిటికీకి ఆనించి కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"బతికారా?" అంది కళ్ళు తెరవకుండానే.

"ఉండు, ఇంకా ఆరు పేజీలున్నాయి."