గ్యాస్ గోలీలు, వణికిన చెయ్యి
మాది మిర్యాలగూడ, రైస్ మిల్లుల లెక్కలు రాస్త. పొద్దంత కుర్చీలనే, చాయ్, మిర్చి బజ్జీ, యాభై దాటేసరికి పొట్ట బాగ పెరిగింది, షుగర్ గూడ వచ్చింది. ఏం తిన్నా కడుపు ఉబ్బుడు, పుల్లటి తేన్పులు. ఒక డాక్టర్ పరగడుపున ఏసుకోమని గ్యాస్ క్యాప్సూల్ రాసిండు, తగ్గింది, ఇగ మళ్ల ఆయన దగ్గరికి పోలే, మెడికల్ షాపుల పాత చీటీ చూపిచ్చి పది నెలలు కొనుక్కుంటనే ఉన్న.

వడ్ల లారీలు రాసే రిజిస్టర్ల నా రాత చిన్నగైతుందని మొదలు మా సేటే పట్టిండు. వరుస మొదట్ల అక్షరాలు మంచిగనే ఉంటయి, చివరికొచ్చేసరికి చీమలంత. తర్వాత కుడిచెయ్యి, ఊకె కూసున్నప్పుడు బొటనవేలు చూపుడువేలు తంబాకు నలిపినట్టు ఆడేటియి, పెన్ను పట్టుకుంటే ఆగేటియి. "నాయినా, నడుస్తుంటే నీ ఆ చెయ్యి ఊగుతనే లేదేందే" అన్నది మా బిడ్డ. పార్కిన్సన్స్ అనుకున్న, అదే చేతులు వణికి కదలికలు మెల్లగైతయే ఆ మెదడు జబ్బు, పొట్ట కొవ్వుకు దానికి సంబంధమున్నదని ఫోన్ల చదివి ఆ రాత్రి నిద్ర పట్టలే.

హైదరాబాద్‌ల న్యూరాలజీ మేడం నన్ను నడిపిచ్చి చూసి, వాడే మందులన్నీ టేబుల్ మీద పెట్టమన్నది. క్యాప్సూల్ పట్టీ ఎనక సన్నక్షరాలు చదివింది, లెవోసల్‌పిరైడ్. ఒంటి కదలికలను నడిపే డోపమైన్ అనే రసాయనం మెదడుల పని చేసేకాడ ఆ మందు అడ్డం పడ్తదట, పార్కిన్సన్స్‌ల తగ్గిపోయేది గూడ ఆ డోపమైనే, అందుకే చూస్తానికి అచ్చం గట్లనే ఉంటది. వెంటనే ఆపిచ్చింది. కాని అసలు జబ్బు లోపల ముందే మొదలై ఉంటే మందు ఆపినా పోదు, ఆర్నెల్లు చూద్దాం అన్నది.

మరి పొట్ట సంగతేంది మేడం అంటే టేపు పెట్టి కొలిచింది, 106 సెంటీమీటర్లు, మన మగోళ్లకు 90 దాటొద్దట. నడుము కొవ్వుతోటి పార్కిన్సన్స్ రిస్క్ కొంత ఎక్కువని కొన్ని స్టడీలు చెప్పినయి, అన్నీ ఒక్క మాట మీద లేవు, షుగర్‌తోటి గూడ కొంత పెరుగుతదట. నాకైతే ఆ పొట్టతోనే గ్యాస్, ఆ గ్యాస్‌తోనే ఈ గోలీ. పొద్దున గంట నడక పెట్టిన, బజ్జీలు బంద్.

గ్యాస్ గోలీ నెలలకొద్ది మింగేటోళ్లు పట్టీ ఎనక పేరు ఒక్కసారి డాక్టర్‌కు చూపియ్యుండ్రి, దండం పెడ్త.

మొదటి నెల ఏం ఫరక్ లేదు, చాన భయమైంది. రెండో నెల వేలు ఆడుడు తగ్గింది. ఐదో నెల సేటు రిజిస్టర్ ముందట పెట్టి ఏలు పెట్టి చూపిచ్చిండు, వరుసల చివరి అక్షరం మొదటిదంతనే ఉన్నది.