నాన్న నడిచే వీధి

నాన్నకు డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బు) అని తేలాక తెనాలి ఇంట్లో ముందు నేల సంగతి చూశాం. మెరిసే టైల్స్ మీద వెలుతురు పడితే నీళ్లున్నాయని ఆగిపోయేవారు. గుమ్మం ముందు నల్ల డోర్‌మ్యాట్ ఆయన కంటికి గొయ్యి. అది తీసేశాం. తెల్ల టైల్స్ మధ్య తెల్ల కమోడ్ కంటికి ఆనేది కాదు, ముదురు నీలం సీటు బిగించాం. పడుకున్నచోటి నుంచే బాత్రూం తలుపు కనబడేలా మంచం తిప్పి, ఆ తలుపుకు పసుపు రంగు వేశాం. నేను ఆర్కిటెక్ట్‌ని. చదువుకునేటప్పుడు ర్యాంపు వాలు లెక్కలు చెప్పారు గానీ, మతిమరుపు మనిషి కంటికి ఇల్లు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు.

నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర వేస్ప్‌లో హోగెవేక్ అని డిమెన్షియా ఉన్నవాళ్ల కోసమే కట్టిన ఊరు ఉంది. 2009లో మొదలైంది. ఒక్కో ఇంట్లో ఆరేడుగురు, వంట అక్కడే. వీధులు, తోటలు, సూపర్‌మార్కెట్, థియేటర్ అన్నీ లోపలే, ఎవరికి తోచినట్టు వాళ్లు తిరగొచ్చు. కట్టడాలే చుట్టూ ప్రహరీ, రాకపోకలకు ఒక్కటే ద్వారం. ఆ ప్లాన్ అంటే నాకు చాలా ఇష్టం. కానీ మన దేశంలో 60 దాటినవాళ్లలో డిమెన్షియా ఉన్నవాళ్లు సుమారు 88 లక్షలని అంచనా. అంతమందికి ఊళ్లెక్కడ కడతాం? ఉన్న వీధినే అలా మార్చుకోవాలి.

నాన్న సాయంత్రం నాలుగింటికి బడికి వెళ్లాలని బయల్దేరతారు. రిటైరై చాలా ఏళ్లయింది. తలుపు గడియ పెడితే గోల, కోపం, ఏడుపు. అందుకే కిరాణా కొట్టాయనకు, టైలర్ బాబాయికి, ఆటో స్టాండులో అబ్బాయిలకు విషయం చెప్పి నంబరిచ్చాం. దాచకుండా చెప్పడానికి అమ్మకు చాలా కష్టమైంది. ఇప్పుడు కొట్టాయన "మాస్టారూ, ఎండ తగ్గాక వెళ్దురు గాని, కూర్చోండి" అని కుర్చీ వేసి, మాకు ఫోన్ చేస్తాడు. "ఇవాళ బడి లేదు" అని మాత్రం అనడు.

మురుగు కాలవ పనుల్లో వీధిలో అరుగులన్నీ కొట్టేశారు. ఇంటి నుంచి సెంటరు దాకా ముసలివాళ్లు కూలబడటానికి చోటే లేదు. చేతులు, వీపు ఆనించుకునే బెంచీలు వేద్దామంటే "తాగేవాళ్లు చేరతారు" అన్నారు. వేపచెట్టు కింద లైటు పెట్టించి, ముందు ఒకటే వేశాం. పగలు కూరగాయలమ్మే ఆవిడ అక్కడే తట్ట దించుతోంది. రెండోది మలుపులో మిల్లు గోడ పక్కన వేయాలి. మిల్లు వాళ్లు ఒప్పుకున్నారు, ఇసుక రావాలి.