వాష్ బేసిన్ ఇంకో గోడకు మార్చేముందు వాటం చూసుకోండి

బాత్రూమ్‌లో వాష్ బేసిన్ గోడ మార్చాలనుకుంటే ఇంట్లో మొదట వచ్చే మాట, "అక్కడిదాకా కొళాయి పైపు లాగొచ్చా?" అని. లాగొచ్చు. మిద్దె మీద ట్యాంకు నుంచి దిగే నీళ్ళకు ఒత్తిడి ఉంటుంది, పైపు పైకి తిప్పినా పక్కకు తిప్పినా వస్తాయి. వాడిన నీళ్ళను తోసేది మాత్రం ఏదీ లేదు, వాటం, అంటే పైపు వాలు, ఒక్కటే దిక్కు. కాబట్టి అద్దం ఎక్కడ బాగుంటుందో తర్వాత చూసుకోవచ్చు. వేస్ట్ పైపు ఎటు పోగలదో తేల్చుకున్నాకే గోడ ఎంచుకోండి.

వాటం 40 అంగుళాల పొడవుకు 1 అంగుళం ఉండాలి. బేసిన్ 6 అడుగులు జరిగితే పైపు ఆ చివరికి దాదాపు 2 అంగుళాలు దిగాలి. ఇంతకన్నా తక్కువైతే సబ్బు జిడ్డు, వెంట్రుకలు పైపులోనే కూర్చుంటాయి. పైపు సైజు కూడా దూరాన్ని బట్టే. అయిదున్నర అడుగుల లోపు 32 మి.మీ. సరిపోతుంది, అది దాటితే 40 మి.మీ. వేయండి. పొడవాటి సన్న పైపు నిండుగా పారినప్పుడు వెనకున్న బాటిల్ ట్రాప్‌లోని (బేసిన్ కింద కొంచెం నీళ్ళు నిలిపి మురుగు వాసనను ఆపే సీసా లాంటి ముక్క) నీళ్ళను కూడా లాక్కుపోతుంది. బేసిన్ ఖాళీ అయ్యే చివర్లో గుడగుడ వినిపిస్తే అదే జరుగుతోందని అర్థం, ఆ వెనకే వాసన మొదలవుతుంది. మలుపు దగ్గర ఒక 90 డిగ్రీల ఎల్బో బదులు రెండు 45 డిగ్రీలవి వేస్తే చెత్త ఆగదు.

ఇక గోడ సంగతి. అడ్డంగా కొట్టే గాడి గోడ మందంలో ఆరో వంతు, నిలువు గాడి మూడో వంతు దాటకూడదని గోడల కట్టుబడికి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1905 చెబుతుంది. నాలుగున్నర అంగుళాల గోడ అంటే 115 మి.మీ. దాంట్లో అడ్డంగా 19 మి.మీ. వరకే కొట్టొచ్చు. కొళాయి నీళ్ళకు వాడే అర అంగుళం సీపీవీసీ (ప్లాస్టిక్) పైపు బయటి కొలత 16 మి.మీ. కాబట్టి అది పడుతుంది, మీద ప్లాస్టరు, టైలు వస్తాయి. 40 మి.మీ. వేస్ట్ పైపు పట్టదు. తొమ్మిది అంగుళాల గోడలో కూడా లెక్క ప్రకారం 38 మి.మీ. దగ్గర ఆగాలి. "ఏం కాదులే" అని మేస్త్రీ కట్టర్ పెట్టేస్తే సగం గోడ తెగిపోతుంది, కొన్నాళ్ళకు ఆ గీత వెంటే టైళ్ళు చీలుతాయి. కడప పాత వీధుల్లో మట్టితో కట్టిన రాతి గోడలైతే గాడి ఆలోచనే వద్దు. ఒక రాయి కదిలితే పక్కవి కూడా వదులవుతాయి. అక్కడ పైపును గోడ పైనే, రెండున్నర అడుగులకొక క్లాంపుతో నడపాలి.

అన్నిటికన్నా మేలైన దారి, సందువైపు గోడకు బేసిన్ పెట్టి, వేస్ట్‌ను గోడలోంచి నేరుగా బయటికి తీసి, గల్లీ ట్రాప్‌లో (మురుగు లైనుకు ముందు ఇంటి బయట ఉండే, అడుగున నీళ్ళు నిలిచే చిన్న గుంట) జాలీ కింద, నీటి మట్టానికి పైన వదలడం. గోడలో వేసే రంధ్రం బయటికి కొద్దిగా వాలి ఉండాలి, లేకపోతే వాన నీళ్ళు లోపలికి వస్తాయి. బయట ఎండ తగిలే పైపుకు తెల్ల ఆక్రిలిక్ ఎమల్షన్ పూయండి. ఎండకు ఈ పైపులు పెళుసుబారతాయి.

సందు లేకపోతే నేల మూలన గోడ వారగా పైపు నడిపి, దాని మీద కడప బండ ముక్కతో నాలుగైదు అంగుళాల ఎత్తు గట్టు కట్టించండి. చూడటానికి బాగుంటుంది, సబ్బుపెట్టెకు చోటూ దొరుకుతుంది. నేల కొట్టాల్సింది బాత్రూమ్ నేల జాలీ దగ్గర ఒక్కచోటే. మేడ మీది బాత్రూమ్‌లో నేలంతా తవ్వి పైపు పాతడానికి మాత్రం ఒప్పుకోకండి. కింద పూసిన వాటర్‌ప్రూఫింగ్ తెగితే ఆ చెమ్మ కింది ఇంటి స్లాబులో కనబడుతుంది. జాలీ చుట్టూ కొట్టిన మేర రెండు పూతల వాటర్‌ప్రూఫింగ్ వేసి, గోడకు 6 అంగుళాలు ఎక్కించి, జాలీ మూసి 2 అంగుళాల నీళ్ళు 24 గంటలు నిలబెట్టాకే టైలు వేయాలి.

ఆ జాలీ కింది నేల ట్రాప్‌లో కలిపేటప్పుడు పైపు నోరు దాని పక్క దారిలోంచి, లోపలి నీటి మట్టానికి పైన తెరుచుకోవాలి. మునిగేలా పెడితే గాలి ఆడక బేసిన్ నెమ్మదిగా ఖాళీ అవుతుంది. ఇలా కలపడంలో ఇంకో లాభం ఉంది. మన ఎండలకు జాలీ కింది నీళ్ళు ఆవిరై మురుగు వాసన పైకి వస్తుంటుంది. బేసిన్ నీళ్ళు రోజూ పడుతుంటే ఆ ట్రాప్ ఎండదు.

కొలతలన్నీ టైలు వేసిన నేల నుంచే తీసుకోండి. బేసిన్ పై అంచు 32 నుంచి 33 అంగుళాలు. యాంగిల్ కాక్ (బేసిన్ కింద గోడకు బిగించే చిన్న కాక్) పాయింట్లు 22 అంగుళాల ఎత్తున, మధ్య గీతకు అటూ ఇటూ మూడు నాలుగు అంగుళాల దూరంలో. వేడి నీళ్ళు ఎడమకు, చన్నీళ్ళు కుడికి. వేస్ట్ రంధ్రం 18, 19 అంగుళాలు. అయితే బాటిల్ ట్రాప్‌లు అన్నీ ఒకే పొడవు ఉండవు కాబట్టి కొన్నదాన్ని బేసిన్‌కు బిగించి కొలిచాకే గోడకు రంధ్రం వేయించండి. బేసిన్ మధ్య నుంచి పక్క గోడకు 15 అంగుళాలు లేకపోతే మోచెయ్యి తగులుతుంది.

చన్నీళ్ళు మాత్రమే అయితే 6 అడుగుల మార్పుకు అర అంగుళం సీపీవీసీ 10 అడుగుల పైపు ఒకటి, ఎల్బోలు నాలుగు, ఒక టీ (మూడు నోళ్ళది) లేదా కప్లింగు (రెండు పైపులు కలిపేది), ఇత్తడి మరల ఎల్బో (కాక్ బిగించడానికి లోపల మరలున్నది) ఒకటి, పైపులు అతికే సొల్యూషన్ చిన్న డబ్బా, టెఫ్లాన్ టేపు చాలు. గీజరు లైను కూడా ఉంటే రెట్టింపు.

సీపీవీసీ అతుకు తప్పేది తొందర వల్లే. పైపును నిటారుగా కోయాలి, అంచున లేచిన పొట్టు గీకేయాలి, తడి, దుమ్ము తుడవాలి. సొల్యూషన్ పైపుకు నిండుగా, ఫిట్టింగు లోపల పలుచగా రాసి, పావు చుట్టు తిప్పుతూ చివరంటా దూర్చి అర నిమిషం పట్టుకోవాలి. వెంటనే వదిలేస్తే పైపు నెమ్మదిగా వెనక్కి జారుతుంది, చూస్తే తెలియదు. అతుకు చుట్టూ సన్నటి సొల్యూషన్ వలయం తెగకుండా కనబడితే బాగా కుదిరినట్టు. మే నెల మధ్యాహ్నం ఈ పని వద్దు. రాసిన సొల్యూషన్ దూర్చేలోపే ఆరిపోతుంది. పొద్దున్నే మొదలుపెట్టి, డబ్బా నీడన ఉంచి, బ్రష్ తీయగానే మూత పెట్టండి. ఒక రోజు ఆరనిచ్చి, పాయింట్లకు డమ్మీలు (నోరు మూసే బిరడాలు) బిగించి, చేతి పంపుతో ఒత్తిడి పెట్టి చూశాకే గాడి మూయాలి.

ఎక్కువ చోట్ల పాడయ్యేది ఇత్తడి మరల ఎల్బో దగ్గర. వట్టి గోడకు సమంగా పెట్టేసి వెళ్తారు. తర్వాత ప్లాస్టరు, టైలు కలిసి దాదాపు 25 మి.మీ. మందం పెరుగుతుంది, ఎల్బో నోరు లోపలికి పోతుంది. కాక్ మూడు మరలే పట్టుకుంటుంది, బిగించిన కొద్దీ గోడ లోపల కారుతుంది. ముందే రెండు టైలు ముక్కలు మట్టితో గోడకు ఆనించి, వాటి పై మట్టానికి ఎల్బో నోరు సరిపెట్టండి. ఇప్పటికే లోపలికి పోయి ఉంటే ఎక్స్‌టెన్షన్ నిపుల్ (నోటిని పొడిగించే మరల ముక్క) వేయక తప్పదు. టెఫ్లాన్ మర బిగిసే దిక్కులోనే చుట్టాలి.

పాత పాయింటుకు ప్లాస్టిక్ డమ్మీ పెట్టి టైలు కప్పేయడం పెద్ద తప్పు. లైను వెనక్కి కోసి, టీ దగ్గరే ఎండ్ క్యాప్ అతికించాలి. పాత వేస్ట్ నోటికి కూడా క్యాప్ అతికించండి. గుడ్డలు కుక్కి సిమెంటు పూస్తే అది ఎండి బీట వారుతుంది, బొద్దింకలు ఆ దారినే వస్తాయి.

బేసిన్‌కు పైన పొర్లు రంధ్రం ఉంటే అడుగున బిగించే వేస్ట్ కప్లింగు చీలికలున్న హాఫ్ త్రెడ్‌ది, లేకపోతే చీలికలు లేని ఫుల్ త్రెడ్‌ది. తారుమారైతే పొర్లు నీళ్ళకు దారి ఉండదు, లేదా కప్లింగు చీలికల్లోంచి కింద కారుతుంది. మన బోరు నీళ్ళ ఉప్పు పట్టి యాంగిల్ కాక్‌లు బిగుసుకుంటాయి, నెలకోసారి ఒకటి రెండుసార్లు తిప్పి వదలండి. తెల్ల మరకలు పోతాయని కడప బండ మీద యాసిడ్ పోయకండి. అది సున్నపురాయి, యాసిడ్ దాని నునుపు తినేస్తుంది.

అన్నీ బిగించాక ట్రాప్ కింద పొడి న్యూస్‌పేపరు పరిచి, బేసిన్ అంచుదాకా నింపి ఒక్కసారిగా వదలండి. కొళాయి ధారకు బయటపడని కారుడు నిండు బేసిన్ వదిలినప్పుడే బయటపడుతుంది. పేపరు మీద చుక్క కనబడితే ట్రాప్ నట్టును చేత్తో ఒక పావు చుట్టు బిగించి మళ్ళీ చూడండి. స్పానరు పెడితే ప్లాస్టిక్ నట్టు పగులుతుంది.