పేరు చూసి కాదు, పరీక్షించి వేరుచేద్దాం

పదార్థాల వర్గీకరణ అనగానే పిల్లల చేత చాలామంది పట్టిక గీయిస్తారు. అది అప్పజెప్పిన పిల్లలకు పేర్లు గుర్తుంటాయే తప్ప, ఏ వస్తువు ఏ గుణం వల్ల ఆ వరుసలో చేరిందో తెలియదు. వర్గీకరణ పరీక్షతోనే మొదలుకావాలని నేను గట్టిగా నమ్ముతాను. గిన్నెడు నీళ్లు, ఒక అయస్కాంతం, చిన్న ఎల్ఈడీ దీపం, దానికి సరిపడే బ్యాటరీ, రెండు తీగ ముక్కలు ఉంటే ఇంట్లోని వస్తువులను చాలావరకు వేరుచేయవచ్చు.

తాగి పారేసే నీళ్ల సీసానే తీసుకోండి. సీసా, మూత రెండూ ప్లాస్టిక్కే కనుక రెండింటినీ ఒకే కుప్పలో వేస్తాం. ఒక్కోదాని నుంచి చిన్న ముక్క కత్తిరించి, అంచులకు అంటుకున్న గాలి బుడగలను వేలితో తుడిచి, నీళ్లలో పూర్తిగా ముంచి వదలండి. బుడగలు మిగిలితే మునగవలసిన ముక్క కూడా తేలుతుంది. సీసా ముక్క అడుగుకు దిగుతుంది, మూత ముక్క పైకి వస్తుంది. సీసాకు వాడే పెట్ అనే ప్లాస్టిక్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.38 గ్రాములు కాగా, మూతకు సాధారణంగా వాడే పాలీఎథిలీన్, పాలీప్రొపిలీన్‌ల సాంద్రత నీటి సాంద్రత అయిన 1 గ్రాము కంటే తక్కువ. పాత సీసాలను తిరిగి ముడిసరుకుగా మార్చే కర్మాగారాల్లోనూ వాటిని ముక్కలు చేసి, నీటి తొట్లలో ఈ తేడాతోనే విడదీస్తారు.

అయస్కాంతం పరీక్ష తేలికే గానీ, దాని నుంచి తీసే నిర్ణయంలో జాగ్రత్త కావాలి. గది ఉష్ణోగ్రత వద్ద అది బలంగా ఆకర్షించే సాధారణ లోహాలు ఇనుము, నికెల్, కోబాల్ట్ మాత్రమే. రాగి, అల్యూమినియం కదలవు. స్టెయిన్‌లెస్ స్టీలులో ఇనుమే ఎక్కువ ఉన్నా, దానిలోని కొన్ని రకాలకు అయస్కాంతం అంటుకోదు. అంటుకోనిది లోహం కాదనుకోవడం అందుకే సరికాదు.

విద్యుత్ పరీక్షలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది పెన్సిల్. రెండు చివరలూ చెక్కి, లోపలి నల్లని కడ్డీకి తీగలు ఆనిస్తే దీపం వెలుగుతుంది, పైనున్న చెక్కకు ఆనిస్తే వెలగదు. ఆ కడ్డీలో ఉన్న గ్రాఫైట్ లోహం కాదు, కార్బన్‌కు ఒక రూపం. అదే కార్బన్‌కు మరో రూపమైన వజ్రం మామూలుగా విద్యుత్తును ప్రవహించనివ్వదు. ఫ్రెడ్రిక్ మోస్ 1812లో ప్రతిపాదించిన కాఠిన్య మానంలో వజ్రానిది అన్నిటికంటే గట్టిదైన 10వ స్థానం, గ్రాఫైట్ మాత్రం వేలికి రాసుకునేంత మెత్తన. కార్బన్ అన్న పేరును బట్టి ఈ రెండింటినీ ఒకే వరుసలో పెడితే వాటి గుణాల గురించి ఏమీ చెప్పినట్టు కాదు.

చేతి స్పర్శ కూడా ఒక పరీక్షే. ఒకే గదిలో చాలాసేపు ఉంచిన రాగి పలక చల్లగా, చెక్క పలక అంతకంటే వెచ్చగా తోచినా వాటి ఉష్ణోగ్రత ఒక్కటే. రాగి మన చర్మం నుంచి వేడిని వేగంగా లాగేస్తుంది. అంటే మన వేలు కొలుస్తున్నది ప్రధానంగా వేడి తరలే వేగాన్ని.

పారదర్శకత దగ్గర మరింత ఓపిక అవసరం. పలకగా ఉన్న గాజు గుండా అవతలి అక్షరాలు చదవగలం, అదే గాజును పొడి చేస్తే తెల్లగా కనిపిస్తుంది. రేణువులకూ వాటి మధ్య గాలికీ సరిహద్దుగా ఉన్న లెక్కలేనన్ని తలాల వద్ద కాంతి చెదిరిపోతుంది కనుక అలా జరుగుతుంది. కాగితానికి నూనె రాస్తే దీనికి విరుద్ధంగా, పీచుల మధ్య గాలి స్థానంలోకి నూనె చేరి కాంతి చెదరడం తగ్గుతుంది, కాగితం కొంతమేర వెలుతురును పంపుతుంది. అందువల్ల ఈ పరీక్ష ఫలితం పక్కన వస్తువు మందం ఎంత, అది పలకా పొడా, పొడిగా ఉందా తడిసి ఉందా అన్నవి కూడా పిల్లల చేత రాయించాలి.