కృష్ణజింక కార్జంలో గడ్డ: పోస్టుమార్టం నుంచి రిపోర్టు దాకా నా అనుభవం

జూలో కృష్ణజింక బతికుండగా కార్జం గడ్డను పట్టుకోవడం చాలా కష్టం. చివరిదాకా మంద వెంటే తిరుగుతుంది. రక్తం తీద్దామని పట్టుకుంటే బెదిరి కండరాలు దెబ్బతింటాయి, దాంతో కార్జం పరీక్షలో చూసే ఏఎస్‌టీ ఎంజైమ్ పెరిగిపోతుంది. నెమరువేసే జంతువుల్లో ఏఎల్‌టీ అనే మరో ఎంజైమ్‌నూ నమ్మలేం. అందుకే జీజీటీ, జీఎల్‌డీహెచ్ ఎంజైమ్‌ల పరీక్షలు అడుగుతాను. అయినా చాలాసార్లు గడ్డ పోస్టుమార్టంలోనే బయటపడుతుంది.

హఠాత్తుగా చనిపోయి ముక్కు నుంచో మలద్వారం నుంచో గడ్డకట్టని రక్తం కారుతుంటే కత్తి పెట్టను. ముందు చెవి నరం నుంచి స్మియర్ (గాజుపలకపై రక్తపు పూత) తీసి, మనుషులకూ సోకే ప్రాణాంతక జబ్బు ఆంత్రాక్స్ కాదని తేల్చుకోవాలి. కాదని తేలాక ఎడమవైపు కిందికి వచ్చేలా పడుకోబెడతాను, కార్జం కుడివైపు ఉంటుంది కాబట్టి. ఆలస్యం చేయకూడదు. పెద్దపొట్ట వేడికి పక్కనే ఉన్న కార్జం త్వరగా కుళ్లుతుంది.

గడ్డ కనబడగానే ‘ట్యూమర్’ అని రాసేయడం తప్పు. దాణా ఎక్కువై పొట్టలో ఆమ్లం పెరిగితే దాని గోడకు పుండ్లు పడతాయి, అక్కడి నుంచి ఫ్యూసోబాక్టీరియం అనే బాక్టీరియా కార్జానికి చేరి చీముగడ్డ కడుతుంది. హైడాటిడ్ తిత్తి (బద్దెపురుగు పిల్లదశ కట్టే నీటితిత్తి), కార్జపు జలగలతో మందమెక్కిన పిత్తనాళాలు, టీబీ గడ్డ కూడా మోసం చేస్తాయి. కోస్తే ఇసుకలా గరగరలాడితే టీబీని అనుమానించాలి. మాస్కు మొదటి నుంచీ ఉండాల్సిందే. తెల్లగా, గట్టిగా, నడుమ గుంటపడి ఉంటే పిత్తనాళాల క్యాన్సర్ కావచ్చు. కంటితో అంతకుమించి చెప్పలేం.

అసలు పని శాంపిల్‌లోనే ఉంది. గడ్డ నడుమ భాగం తరచూ చచ్చిన కణజాలమే. అందుకే గడ్డా మంచి కార్జమూ కలిసే అంచు నుంచి 5 మిల్లీమీటర్ల మందం మించని ముక్కలు తీస్తాను. ఒకసారి పిడికెడు గడ్డను అలాగే సీసాలో వేస్తే కణజాలం కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ లోపలికి ఎక్కలేదు, ‘కుళ్లింది, తేల్చలేం’ అని రిపోర్టు వచ్చింది. ఫ్రీజర్‌లో పెట్టినా కణాలు చితికిపోతాయి.

ఫార్మలిన్ కొలత: మార్కెట్ ఫార్మలిన్ 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900, మోనోసోడియం ఫాస్ఫేట్ 4 గ్రాములు, అన్‌హైడ్రస్ డైసోడియం ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ముక్కకు పది రెట్లు ద్రవం పోసి, 24 గంటలకు మారుస్తాను. ఊపిరితిత్తులు, కార్జం దగ్గరి లింఫ్ గ్రంథులు వేరే సీసాలో వేస్తాను, క్యాన్సర్ వ్యాప్తి తెలిసేది వాటివల్లే.

ల్యాబ్‌ను మామూలుగా వేసే హెచ్ అండ్ ఈ రంగుతో పాటు, కణాల చుట్టూ ఉండే సన్నని పోగులను చూపే రెటిక్యులిన్, టీబీ క్రిములను చూపే జీల్-నీల్సన్ రంగులు అడుగుతాను. కార్జకణాల వరుసలు మందమెక్కి రెటిక్యులిన్ చెదిరిపోతే కార్జకణాల క్యాన్సర్ వైపు మొగ్గవచ్చు.

కృష్ణజింక వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గట్టి రక్షణ ఉన్న షెడ్యూల్ 1 జంతువు. కొమ్ములు, చర్మంతో సహా అటవీ అధికారుల సమక్షంలో కాల్చేస్తారు. ఆ తర్వాత ఇంకో ముక్క దొరకదు కాబట్టి రెండో సీసా నా దగ్గరే ఉంచుకుంటాను.