61 చెరువులు, 64 వరసలు

మా పర్లాకిమిడి చుట్టుపక్కల మేం కాళ్లతో తిరిగి లెక్కపెట్టిన చెరువులు 61. కంప్యూటర్ లెక్కలో 64 వచ్చాయి. ఆ మూడూ ఎక్కణ్నుంచి ఊడిపడ్డాయో తెలుసుకోవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. వాటిని ఏం చెయ్యాలో చెప్పడానికి మా నాన్నకి రెండు నిమిషాలు పట్టింది.

ముందు నా సంగతి. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. తెలుగు రాత అమ్మ దగ్గర నేర్చుకున్నదే, గుణింతాలు తప్పితే సర్దుకోండి. భువనేశ్వర్‌లో ఎనిమిదేళ్లు డేటా ఉద్యోగం చేసి, ఇప్పుడు ఇంటి నుంచే చేస్తున్నాను. చెరువుల్లో పూడిక తీయించే కుర్రాళ్లు కొందరు వచ్చి, ఏ చెరువు ఎక్కడుంది, ఎన్ని ఎకరాలు, ఏ ఊరిది అని ఒక పట్టిక చేసిపెట్టమన్నారు. అదేం భాగ్యం, వారంలో ఇచ్చేస్తానన్నాను. నాలుగు నెలలైంది.

పని ఇలా సాగుతుంది. ఫోన్‌లో జీపీఎస్ ఆన్ చేసి గట్టు వెంబడి చుట్టూ నడవడం. నడిచిన దారి ఒక పాలిగాన్, అంటే చుట్టూ మూసుకున్న ఆకారం, అవుతుంది. దానికి పేరు, గట్టు ఎలా ఉంది, తూటికాడ ఎంత కమ్మింది లాంటి వివరాలు తగిలిస్తే అది ఒక ఫీచర్. అంటే ఒక ఆకారం, దాని గురించి నాలుగు మాటలు. ఇలాంటి ఫీచర్లన్నిటినీ ఒక సంచిలో వేస్తే ఫీచర్ కలెక్షన్. జియోజేసన్ ఫైలంటే చాలావరకు ఆ సంచే. పైథాన్‌లో జియోపాండాస్ లైబ్రరీతో తెరిస్తే సంచి పట్టికగా మారుతుంది: చెరువుకో వరస, ఆకారానికి జామెట్రీ అని ఒక గడి. 61 చెరువుల్నీ ఒక్క ఆజ్ఞతో కొలవచ్చు, రంగులెయ్యచ్చు, ఊళ్లతో కలపచ్చు. ఒక్క ఆజ్ఞతో 61నీ పాడు కూడా చెయ్యచ్చు.

మొదటిసారి పాడు చేసింది అలవాటు వల్ల. మనం నోటితో చెప్పేటప్పుడు అక్షాంశం ముందు చెప్తాం: 18.78, 84.09. జియోజేసన్‌కి రేఖాంశం ముందుండాలి. 2016లో వచ్చిన ప్రమాణపత్రం, ఆర్ఎఫ్‌సీ 7946, ఈ మాట స్పష్టంగానే చెప్తుంది. నేను చదవలేదు, అంతే. మ్యాపు తెరిస్తే మా చెరువులన్నీ నార్వే పైన స్వాల్‌బార్డ్ దీవులు దాటి ఆర్కిటిక్ సముద్రంలో ఉన్నాయి. లైబ్రరీ కిమ్మనలేదు. ఎందుకంటుంది? 84 అన్నది అక్షాంశంగానూ చెల్లుతుంది. గువాహటి వాళ్లకైతే రేఖాంశం 91 దాటుతుంది, అలాంటి అక్షాంశం భూమ్మీదే లేదు కాబట్టి ఎక్కడో తేడా కొట్టి దొరికిపోతారు. మనవైపు వాళ్లకి ఆ అదృష్టం లేదు.

రెండోది ఎకరాల గొడవ. పదెకరాల చెరువు వైశాల్యం అడిగితే 0.0000035 అని వచ్చింది. డిగ్రీల్లో ఉన్న ఆకారాన్ని కొలిస్తే జవాబు చదరపు డిగ్రీల్లో వస్తుంది మరి. ఈసారి మాత్రం లైబ్రరీ హెచ్చరించింది, నేనే పక్కకి తోసేశాను. మీటర్లలోకి మార్చాలంటే యూటీఎం అనే పద్ధతి ఉంది. భూమిని ఆరేసి డిగ్రీల చొప్పున నిలువు పట్టీలుగా కోసి, ప్రతి పట్టీకీ విడిగా మీటర్ల లెక్క పెడతారు. రేఖాంశం 78 నుంచి 84 దాకా 44వ పట్టీ, 84 నుంచి 90 దాకా 45వ పట్టీ. ఆ 84 గీత సరిగ్గా మా గజపతి జిల్లాని కోసుకుంటూ పోతుంది. పర్లాకిమిడి దానికి తూర్పున, వంశధార ఒడ్డున ఉన్న కాశీనగర్ పడమరన.

కాశీనగర్ వైపు చెరువులు మా పిన్ని కొడుకు నడిచి తెచ్చాడు. నేను రెండు ఫైళ్లకీ విడివిడిగా, నీకు తగిన పట్టీ నువ్వే చూసుకో అన్నాను. వాడిది 44లోకి, నాది 45లోకి వెళ్లాయి. రెండూ కలపబోతే కుదరదు, కొలతల పద్ధతులు వేరు అని ఎర్రర్ వచ్చింది. రాత్రి పన్నెండున్నర. విసుగొచ్చి సెట్_సీఆర్ఎస్ అనే ఆజ్ఞతో (సీఆర్ఎస్ అంటే ఆ కొలతల పద్ధతే), పాతది కొట్టెయ్యి, ఇదీ 45 అనే రాసుకో అని బలవంతపెట్టాను. ఎర్రర్ పోయింది. హాయిగా పడుకున్నాను. తెల్లారి చూస్తే కాశీనగర్ చెరువులు బంగాళాఖాతం నడిబొడ్డున ఉన్నాయి, అసలు చోటుకి 600 కిలోమీటర్ల పైచిలుకు తూర్పున.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. సెట్_సీఆర్ఎస్ అంకెల్ని ముట్టుకోదు, వాటి మీద చీటీ మారుస్తుందంతే. అంకెల్ని నిజంగా మార్చేది టు_సీఆర్ఎస్. బస్సు ముందు బరంపురం బోర్డు పెట్టినంత మాత్రాన కిమిడి స్టాండులో ఉన్న బస్సు బరంపురం చేరిపోదు కదా. ఆ ఎర్రర్ నా మంచికే వచ్చింది, నేనే నోరు నొక్కాను.

చివరికి అన్నిటినీ 45లోకే మార్చాను. పట్టీ అంచున కొలత కొంచెం సాగుతుందని తెలుసు. లెక్కేసి చూశాను, పదెకరాల మీద రెండు సెంట్లు కూడా రాదు. గట్టు మీద తుప్పలు అడ్డొచ్చి నేను తప్పుకు నడిచిన తేడాయే అంతకన్నా ఎక్కువ.

డమరుకాల మాట కూడా చెప్పాలి. చుట్టూ నడిచి మొదలెట్టిన చోటికొచ్చేటప్పుడు దారి ఎక్కడో తనని తనే దాటితే ఆకారం డమరుకంలా మెలిపడుతుంది. అలాంటి పాలిగాన్ చెల్లదు. దాన్ని బఫర్ సున్నాతో, అంటే ఆకారాన్ని సున్నా దూరం ఉబ్బించమనే ఆజ్ఞతో, సరిచెయ్యమని చాలామంది సలహా ఇస్తారు. నేనూ చేశాను. ఎర్రర్ పోయింది, డమరుకంలో ఒకవైపు కూడా దాంతోపాటే పోయింది. ఏడెకరాల చెరువు నాలుగైంది. మేక్_వ్యాలిడ్ అనే ఆజ్ఞ అయితే రెండు ముక్కల్నీ ఉంచుతుంది. సరిచేసే ముందూ తరవాతా వైశాల్యాలు పక్కపక్కన రాసుకోవడం అప్పట్నుంచే అలవాటైంది.

ఇక ఆ 64. ఏ చెరువు ఏ ఊరిదో తేల్చడానికి చెరువుల కలెక్షన్‌నీ, ఊరి సరిహద్దుల కలెక్షన్‌నీ, ఉన్న చోటుని బట్టి జత కట్టే ఎస్‌జాయిన్‌తో కలిపాను. ఊళ్లు మా ఒడిశా వైపువీ, మహేంద్రతనయ అవతల పాతపట్నం వైపువీ రెండూ ఉన్నాయి. ఎస్‌జాయిన్‌ని ఊరికే వదిలేస్తే, తగిలితే చాలు జత కడుతుంది. మూడు చెరువులు రెండేసి ఊళ్లకి తగులుతున్నాయి. ఒక్కోటీ రెండు వరసలైంది. వరసలే కాదు, ఎకరాలు కూడితే అవి కూడా రెండుసార్లు పడ్డాయి. పూర్తిగా లోపలుంటేనే లెక్క పెట్టు అని మారిస్తే 58 వచ్చాయి, ఆ మూడూ ఎవరికీ కాకుండా పోయాయి. 64, 58 రెండూ తప్పు కాదు, నేనడిగిన దానికి సరైన జవాబులే. నాకు కావలసింది 61.

మూడింట్లో ఒకటి మావైపే రెండూళ్ల మధ్యది. మిగతా రెండూ రాష్ట్రాల గీత మీదవి. చెరువుకి బదులు ఒక చుక్క పెట్టి, చుక్క ఏ ఊళ్లో పడితే ఆ ఊరిది అందామనుకున్నాను. సెంట్రాయిడ్, అంటే ఆకారం నడిమి చుక్క, పెడితే, కొండ పాదాన్ని చుట్టి లాడంలా వంగిన చెరువొకటుంది, దాని చుక్క నీళ్లలో కాక కొండ మీద పడింది. రిప్రజెంటేటివ్_పాయింట్ అయితే ఎప్పుడూ ఆకారం లోపలే పడుతుంది. అది పెట్టాను. 61 వచ్చాయి. గొప్పగా లాప్‌టాప్ తీసుకెళ్లి నాన్న ముందు పెట్టాను.

నాన్న నౌపడా, గుణుపురం మధ్య చిన్నరైలు నడిచిన రోజుల్లో రైల్వేలో చేశారు. పట్టాల పక్క చెరువులన్నీ ఆయనకి పేరుపేరునా తెలుసు. కళ్లజోడు సర్దుకుని గీత మీదున్న ఒకదాని మీద వేలు పెట్టారు.

"ఏటమ్మా, ఇది ఆంధ్రా ఊరికి ఇచ్చీసేవు?"

చుక్క అటు పడింది నాన్నా, నీళ్లెక్కువ అటే ఉన్నాయి అన్నాను.

"నీళ్లెక్కువ అటుంటే చెరువు అటుదయిపోద్దా? మదుమెటుంది? నీరెవడి మడికెళ్తాది? అది చూడు ముందు. గీత 36లో వచ్చింది తల్లీ. చెరువు మా తాత పుట్టకముందుది."

మదుమంటే చెరువు నీరు పొలాలకి వదిలే తూము. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది, కిమిడి ఇటొచ్చింది. ఆయన మాట అదే. రెండు రాష్ట్రాలూ మావే అనే కొరాపుట్ జిల్లా కొఠియా 21 ఊళ్ల తగువు లాంటిది ఇక్కడ లేదు. గీత ఎక్కడుందో అందరికీ తెలుసు. కానీ చెరువు ఎవరిదో గీత చెప్పదు, ఆయకట్టు చెప్తుంది.

అందుకని ఇప్పుడు ఇంకో కలెక్షన్ మొదలెట్టాను, మదుములది. ఒక్కో మదుమూ ఒక చుక్క, దాని వివరాల్లో చెరువు నంబరు. ఊళ్లతో కలిపేది ఈ చుక్కల్నే. ఆ తరవాత నంబరు పట్టుకుని చెరువుల పట్టికకి ఊరి పేరు చేరుస్తాను. ఎకరాలు చెరువుల పట్టికలోనే ఉంటాయి కాబట్టి రెండుసార్లు పడవు. ఇలా చేస్తే నాన్న వేలు పెట్టిన చెరువు మావైపే వచ్చింది. లోపలి రెండూళ్ల చెరువుకి రెండు మదుములు, ఊరికొకటి. దానికి రెండూళ్ల పేర్లూ రాశాను, అది నిజంగానే ఇద్దరిదీ.

పేర్ల దగ్గర ఇంకో చిన్న తలనొప్పి. గీత పక్క చెరువుకి తెలుగులో ఒక పేరు, ఒడియాలో ఒక పేరు ఉంటాయి. రెండు గడులు పెట్టుకున్నాను. కుర్రాళ్లు షేప్‌ఫైల్ అనే పాత తరహా మ్యాపు ఫైలు అడిగారని అలా ఇస్తే, అది గడి పేరుని పది అక్షరాలకి కోసేస్తుంది, ఏది తెలుగో ఏది ఒడియానో తెలియలేదు. జియోజేసనే తీసుకోండి అని చెప్పేశాను.

మూడో చెరువు తేలలేదు. దాని మదుము తుప్పల్లో కూరుకుపోయి నాకు కనబడలేదు, నాన్న మాత్రం ఉందంటున్నారు. ఆదివారం పొద్దున్నే కత్తి పట్టుకుని ఇద్దరం వెళ్తున్నాం. అంతవరకూ ఆ వరసలో ఊరి గడి ఖాళీ.